చీకటి బజారుకు సరుకు మన ఇంటి నుంచే

2024 జూన్‌లో తెలంగాణ పోలీసులకు ఇబ్బందికరమైన పరిస్థితి ఎదురైంది. ఆపదలో ఉన్న మహిళలు, ఫిర్యాదు చేయదలచిన పౌరులు వాడుకునేందుకు తెచ్చిన ‘హాక్‌ఐ’ యాప్‌లోని వివరాలు ఇంటర్నెట్‌లో అమ్మకానికి వచ్చాయి. రక్షణ కోరుతూ పౌరులు పోలీసులకు ఇచ్చుకున్న సమాచారానికి ఓ అజ్ఞాత వ్యక్తి 150 డాలర్ల ధర కట్టాడు. అప్పటి లెక్కలో పన్నెండున్నర వేల రూపాయలు. కొద్ది రోజుల్లోనే తెలంగాణ సైబర్‌ సెక్యూరిటీ బ్యూరో అతడి ఆచూకీ పట్టింది. గ్రేటర్‌ నోయిడాలో ఉంటున్న ఓ విద్యార్థి దొరికాడు. కొనదలచినవారు తనను సంప్రదించేందుకు అతడు టెలిగ్రామ్‌ ఖాతాల పేర్లు ఇచ్చాడని పోలీసులు ప్రకటించారు.

డార్క్‌వెబ్‌ గురించి, ఇంటర్నెట్‌లోని నేర బజార్ల గురించి తెలుసుకోవాల్సిన రెండు ముఖ్య విషయాలు ఈ ఒక్క ఉదంతంలోనే ఉన్నాయి. ఒకటి, అమ్మకానికి పెట్టిన సరుకు చీకటిలో పుట్టింది కాదు. మనం నమ్మి అప్పగించిన చోటు నుంచే బయటికి వెళ్లింది. రెండు, ఎంత ముసుగు కప్పుకొన్నా అమ్మేవాడు ఎక్కడో ఒకచోట వెలుగులోకి రాక తప్పలేదు. జాతీయ భద్రతపై రాస్తున్న ఇన్నేళ్లలో నేను గమనించిన దాదాపు ప్రతి పెద్ద కేసులోనూ ఈ రెండే కనిపించాయి. మన చర్చ మాత్రం ఆ రెండు చోట్లనూ వదిలేసి మధ్యలోని చీకటి చుట్టూనే తిరుగుతోంది.

ఇంజినీరింగ్‌ కళాశాలల్లో మాట్లాడటానికి వెళ్లినప్పుడు విద్యార్థులు నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న: ‘ప్రభుత్వం డార్క్‌వెబ్‌ను ఎందుకు మూసేయదు సార్‌?’ తల్లిదండ్రులు అడిగేది ఇంకొకటి: ‘మావాడు ల్యాప్‌టాప్‌లో టార్‌ బ్రౌజర్‌ వేసుకున్నాడు, కేసవుతుందా?’ రెండో ప్రశ్నకు జవాబు తేలిక. టార్‌ వాడటం మన దేశంలో నేరం కాదు. దాంతో చేసే పని నేరమైతే శిక్ష తప్పదు. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మాత్రం ఈ వల ఎందుకు, ఎవరి కోసం పుట్టిందో చూడాలి.

నౌకాదళం అల్లిన ముసుగు

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. డీప్‌వెబ్‌, డార్క్‌వెబ్‌ ఒకటి కావు. గూగుల్‌ లాంటి సెర్చ్‌ ఇంజిన్లకు అందనిదంతా డీప్‌వెబ్‌. మీ ఈమెయిళ్లు, బ్యాంకు ఖాతా పేజీ, ఆస్పత్రి రికార్డులు, కార్యాలయాల అంతర్గత దస్త్రాలు అన్నీ అందులోవే. ఇంటర్నెట్‌లో సింహభాగం అదే. డార్క్‌వెబ్‌ అందులో ఒక చిన్న మూల. ప్రత్యేక సాఫ్ట్‌వేర్‌ ఉంటే తప్ప ఆ తలుపు తెరుచుకోదు. ఇలాంటి నెట్‌వర్కుల్లో ఎక్కువ వాడుకలో ఉన్నది టార్‌. అక్కడి చిరునామాలు డాట్‌ కామ్‌తో కాక డాట్‌ ఆనియన్‌తో ముగుస్తాయి.

ఉల్లిపాయ పేరు ఊరికే రాలేదు. ఒక ఉత్తరాన్ని మూడు కవర్లలో, ఒకదానిలో ఒకటి పెట్టి పంపారనుకోండి. మొదటి మనిషి పై కవరు విప్పితే రెండో మనిషి చిరునామా మాత్రమే కనిపిస్తుంది. రెండో మనిషికి మూడో మనిషి చిరునామా తెలుస్తుంది. మూడో మనిషికి ఉత్తరం ఎక్కడికి చేరాలో తెలుస్తుంది కానీ, ఎవరు రాశారో తెలియదు. టార్‌లో ఈ ముగ్గురు మనుషులూ ప్రపంచంలో ఎక్కడెక్కడో స్వచ్ఛందంగా నడుస్తున్న కంప్యూటర్లు. పంపిందెవరు, అందుకున్నదెవరు అన్న రెండు సంగతులూ కలిపి ఏ ఒక్కరికీ తెలియకపోవడమే ఇందులోని కిటుకు.

దీన్ని కనిపెట్టింది నేరగాళ్లు కాదు. 1990ల మధ్యలో అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పాల్‌ సైవర్సన్‌, మైకేల్‌ రీడ్‌, డేవిడ్‌ గోల్డ్‌ష్లాగ్‌ ఈ ఆలోచనకు రూపమిచ్చారు. విదేశాల్లో పనిచేసే తమ సిబ్బంది ఇంటర్నెట్‌ వాడినా ఎవరన్నది బయటపడకూడదన్నది ఉద్దేశం. సైవర్సన్‌తో రోజర్‌ డింగిల్‌డైన్‌, నిక్‌ మాథ్యూసన్‌ కలిసి 2002లో టార్‌ను నడకలో పెట్టారు. దాని కోడ్‌ను అందరికీ విడుదల చేశారు. 2006 నుంచి ‘టార్‌ ప్రాజెక్ట్‌’ అనే లాభాపేక్ష లేని సంస్థ దాన్ని చూసుకుంటోంది.

సైన్యం తన రహస్య సాధనాన్ని జనానికి ఎందుకు ఇచ్చేసింది? ఉదారత వల్ల కాదు. ఆ ముసుగును గూఢచారులు మాత్రమే వేసుకుంటే, ముసుగు కనిపించిన ప్రతిచోటా గూఢచారి ఉన్నట్లే. జాతరలో తప్పిపోవాలంటే జాతర జరగాలి కదా! విలేకరులు, విద్యార్థులు, ఉద్యమకారులు, మామూలు జనం అందరూ వాడితేనే నౌకాదళం మనిషి ఆ గుంపులో కలిసిపోగలడు. గుంపులోకి దొంగలు కూడా వస్తారని తెలిసే ఆ తలుపు తెరిచారు.

అందుకే అది నేటికీ రెండు రకాల వారికీ ఉపయోగపడుతోంది. సెన్సార్‌షిప్‌ ఉన్న దేశాల పాఠకుల కోసం బీబీసీ 2019లో డార్క్‌వెబ్‌లో తన వార్తల సైట్‌ తెరిచింది. అదే ఏడాది అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ కూడా అక్కడ ఓ సైట్‌ పెట్టింది. 2021 డిసెంబరులో రష్యా టార్‌ను నిరోధించింది. మన పొరుగున మయన్మార్‌లో 2021 ఫిబ్రవరి సైనిక కుట్ర తరువాత సామాజిక మాధ్యమాలకు తాళం పడితే జనం వీపీఎన్‌లను, టార్‌ను ఆశ్రయించారు. పాకిస్థాన్‌లో 2024 ఫిబ్రవరి నుంచి ఎక్స్‌ను ఆపేసినప్పుడు వీపీఎన్‌ల వాడకం పెరిగింది. టార్‌ వాడేవారిలో అత్యధికులు దాంతో చూసేది మనమంతా చూసే మామూలు వెబ్‌సైట్లనే. పాలకులకు నచ్చని నిజం చెప్పేవాడికీ, మాదకద్రవ్యాలు అమ్మేవాడికీ ఒకే గొడుగు ఆసరా అయింది. గొడుగు లాగేస్తే ఎవరు ముందు తడుస్తారన్నదే అసలు ప్రశ్న. నేరగాడికి డబ్బుంది, వేరే గొడుగు కొనుక్కుంటాడు.

దొరికిందంతా గడప దగ్గరే

2011 ఫిబ్రవరిలో అమెరికా యువకుడు రాస్‌ ఉల్‌బ్రిక్ట్‌ ‘సిల్క్‌రోడ్‌’ అనే బజారు తెరిచాడు. కొన్నవారు అమ్మినవారికి మార్కులు వేస్తారు. సరుకు చేరేదాకా డబ్బు మధ్యవర్తి దగ్గరే ఉంటుంది. చెల్లింపు బిట్‌కాయిన్‌లో. చూడటానికి మనం రోజూ వాడే ఆన్‌లైన్‌ దుకాణం లాంటిదే. సరుకు మాత్రం ప్రధానంగా మాదకద్రవ్యాలు. టార్‌ గుట్టు విప్పి అతడిని పట్టుకున్నారని చాలామంది అనుకుంటారు. అసలు జరిగింది వేరు. గ్యారీ ఆల్‌ఫోర్డ్‌ అనే పన్నుల శాఖ అధికారి గూగుల్‌లో వెతుకుతూ, సిల్క్‌రోడ్‌ గురించి మొదట్లో ప్రచారం చేసిన ఓ అజ్ఞాత వ్యక్తి రాతలు పట్టుకున్నాడు. అదే వ్యక్తి మరోచోట తన పేరుతో ఉన్న జీమెయిల్‌ చిరునామా ఇచ్చాడు. 2013 అక్టోబరు 1న శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఓ గ్రంథాలయంలో ఉల్‌బ్రిక్ట్‌ చేతిలో తెరిచి ఉన్న ల్యాప్‌టాప్‌ను పోలీసులు లాగేసుకున్నారు. 2015లో యావజ్జీవ శిక్ష పడింది. 2025 జనవరిలో ట్రంప్‌ క్షమాభిక్షతో విడుదలయ్యాడు.

తరువాత వచ్చిన ‘ఆల్ఫాబే’ది మరింత పెద్ద వ్యాపారం. దాని నిర్వాహకుడు కెనడా జాతీయుడు. కొత్త సభ్యులకు వెళ్లే స్వాగత మెయిల్‌లో అతడి హాట్‌మెయిల్‌ చిరునామా ఉండిపోయింది. 2017 జులైలో బ్యాంకాక్‌లో పోలీసులు అతడి ఇంటి గేటును కారుతో ఢీకొట్టి, ఏమైందా అని అతడు బయటికి రాగానే పట్టుకున్నారు. లోపల ల్యాప్‌టాప్‌ తెరిచే ఉంది. అప్పటికే డచ్‌ పోలీసులు ‘హాన్సా’ అనే మరో బజారును గుట్టుగా స్వాధీనం చేసుకుని, దాదాపు నెలపాటు తామే నడిపించారు. ఆల్ఫాబే మూతపడగానే అక్కడి నుంచి పారిపోయినవాళ్లు నేరుగా వచ్చి పోలీసుల దుకాణంలో చేరారు. 2022 ఏప్రిల్‌లో రష్యన్‌ భాషలో నడిచే ‘హైడ్రా’ బజారు సర్వర్లను జర్మనీ పోలీసులు పట్టుకున్నారు. 2024 ఫిబ్రవరిలో బ్రిటన్‌ జాతీయ నేర సంస్థ ‘లాక్‌బిట్‌’ అనే రాన్సమ్‌వేర్‌ ముఠా పేజీని స్వాధీనం చేసుకుని, బాధితులను బెదిరించిన ఆ పేజీలోనే ముఠా గుట్టు బయటపెట్టింది.

వీటిలో సాంకేతిక మాయ కన్నా మనిషి పొరపాటు, ఓపికతో చేసిన మామూలు పోలీసు పనే ఎక్కువ. మెయిల్‌ చిరునామా, సర్వర్‌ ఉన్న ఊరు, డబ్బు మార్చుకునే చోటు, పార్సిల్‌ మీద రాయాల్సిన అడ్రస్‌... చీకటి వ్యాపారికి ఇవేవీ తప్పవు. అతడు వెలుగులోకి అడుగుపెట్టే ఆ గడప దగ్గరే కాపు కాయాలి.

తపాలా సంచిలో మత్తు

మన దేశంలో కథ ఎక్కువగా పార్సిళ్ల చుట్టూ తిరుగుతుంది. 2020 ఫిబ్రవరిలో మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ ఎన్‌సీబీ లక్నోలో ఓ యువకుడిని పట్టుకుని, డార్క్‌నెట్‌లో మందులు అమ్ముతూ దేశంలో దొరికిన తొలి వ్యక్తి ఇతడేనని ప్రకటించింది. అతడు కొనలేదు, అమ్మాడు. మానసిక చికిత్సలో, నొప్పి నివారణలో వాడే మాత్రలను విదేశాలకు పంపాడు. ఇది గమనించాల్సిన సంగతి. ఔషధాల తయారీలో పెద్దదైన దేశం కాబట్టి, మనం ఈ బజారులో కొనుగోలుదారులం మాత్రమే కాదు, సరఫరాదారులం కూడా. మన మందుల దుకాణం నుంచి, గోదాము నుంచి దారి తప్పిన డబ్బానే అక్కడ సరుకవుతోంది.

2023 జూన్‌లో ఎన్‌సీబీ దేశంలోని పలు నగరాలకు విస్తరించిన ముఠా నుంచి దాదాపు 15 వేల ఎల్‌ఎస్‌డీ బ్లాట్లు స్వాధీనం చేసుకుంది. ఒక్కో బ్లాట్‌ తపాలా బిళ్లలో ఓ ముక్కంత ఉంటుంది. పుస్తకం పేజీల మధ్య పెట్టి పంపినా ఎవరికీ అనుమానం రాదు. 2025లో కేరళలో పట్టుబడిన మరో వ్యాపారి దగ్గర వెయ్యికి పైగా బ్లాట్లతోపాటు సుమారు 70 లక్షల రూపాయల విలువైన క్రిప్టో కరెన్సీ దొరికింది. హైదరాబాద్‌లో పోలీసులు నార్కోటిక్స్‌ కోసం ప్రత్యేక విభాగం పెట్టుకున్న తరువాత ఇక్కడి కేసుల్లోనూ డార్క్‌వెబ్‌ ఆర్డర్లు, కొరియర్‌ పొట్లాలు కనిపించాయి.

ఆర్డర్‌ ఎంత రహస్యమైనా పొట్లం మాత్రం మన తపాలా సంచిలోనే, మన కొరియర్‌ కుర్రాడి బండి మీదే రావాలి. దీనికి చట్టంలో ఆయుధం ఎప్పటినుంచో ఉంది. మాదకద్రవ్యాల చట్టంలోని 50ఏ సెక్షన్‌ ప్రకారం అధికారులు అనుమానిత పార్సిల్‌ను ఆపకుండా, నిఘా పెట్టి గమ్యం దాకా వెళ్లనిచ్చి, అందుకునేవారిని పట్టుకోవచ్చు. కావాల్సింది తపాలా, కొరియర్‌ కేంద్రాల్లో స్కానర్లు, శిక్షణ పొందిన సిబ్బంది, రాష్ట్రాల మధ్య అదే రోజు సమాచారం పంచుకునే అలవాటు.

డబ్బు దారి కూడా అనుకున్నంత చీకటి కాదు. బిట్‌కాయిన్‌ లావాదేవీలన్నీ ఎవరైనా చూడగల బహిరంగ చిట్టాలో శాశ్వతంగా ఉంటాయి. పేరు ఉండదు, అంతే. ఆ నాణెం రూపాయిగా మారే చోట పేరు బయటపడుతుంది. అందుకే 2023 మార్చిలో కేంద్రం క్రిప్టో వ్యాపార సంస్థలను మనీలాండరింగ్‌ నిరోధక చట్టం పరిధిలోకి తెచ్చింది. ఆనవాళ్లు దాచే మొనెరో లాంటి నాణేలు దర్యాప్తును కష్టతరం చేస్తాయి. అయినా వాటితో అద్దె కట్టలేరు, కారు కొనలేరు. ఏదో ఒకరోజు మార్చుకోక తప్పదు.

పైసాకు అమ్ముడైన పౌరుడు

మత్తుమందుల కన్నా దేశానికి పెద్ద ముప్పు సమాచారపు అమ్మకం అని నా అభిప్రాయం. 2019 అక్టోబరులో ‘జోకర్స్‌ స్టాష్‌’ అనే చీకటి దుకాణంలో దాదాపు 13 లక్షల బ్యాంకు కార్డుల వివరాలు అమ్మకానికి వచ్చాయి. వాటిలో అత్యధికం భారతీయ బ్యాంకులవి. ఒక్కో కార్డుకు 100 డాలర్లు. 2022 నవంబరు 23న దిల్లీ ఎయిమ్స్‌ సర్వర్లు రాన్సమ్‌వేర్‌కు చిక్కాయి. ఐదు సర్వర్లలోని దాదాపు 1.3 టెరాబైట్ల సమాచారానికి తాళం పడింది. దేశంలోకెల్లా ప్రతిష్ఠాత్మకమైన ఆస్పత్రిలో రోజుల తరబడి కాగితం, పెన్నుతో పని నడిపించారు. కారణమేమిటని పార్లమెంటులో అడిగితే, నెట్‌వర్క్‌ను సరైన రీతిలో విభాగాలుగా విడదీయకపోవడం అని ప్రభుత్వమే జవాబిచ్చింది. ఇంట్లో గదుల మధ్య తలుపులు పెట్టుకోకపోతే వంటింట్లో దూరిన దొంగ బీరువా దాకా వస్తాడు.

2023 అక్టోబరులో మరో పెద్ద దెబ్బ. 81.5 కోట్ల మంది భారతీయుల పేర్లు, ఫోన్‌ నంబర్లు, ఆధార్‌, పాస్‌పోర్టు వివరాలు తన దగ్గర ఉన్నాయంటూ ఓ అజ్ఞాత వ్యక్తి నేరగాళ్ల వేదికపై ప్రకటించినట్లు అమెరికాకు చెందిన రీసెక్యూరిటీ సంస్థ వెల్లడించింది. అతడు అడిగిన ధర 80 వేల డాలర్లు. లెక్కేస్తే ఒక్కో పౌరుడికి పైసా కూడా పడదు. ఆ డిసెంబరులో దిల్లీ పోలీసులు ఈ వ్యవహారంలో నలుగురిని అరెస్టు చేశారు. మనుషులను పట్టుకోవచ్చు. బయటికి వెళ్లిన సమాచారాన్ని వెనక్కి తేలేం. పాస్‌వర్డ్‌ పోతే మార్చుకోవచ్చు. పుట్టిన తేదీని, వేలిముద్రను, తల్లి పేరును ఎలా మార్చుకుంటాం?

దీన్ని దేశ భద్రత కోణంలో చూడండి. ఒక కంటోన్మెంట్‌ పరిసరాల్లో ఉండే కుటుంబాల ఫోన్‌ నంబర్లు, ఓ జవాను తీసుకున్న అప్పు, ఓ శాస్త్రవేత్త భార్య వైద్య నివేదిక, ఓ అధికారి ప్రయాణాల చిట్టా... వీటిని సేకరించడానికి ఒకప్పుడు శత్రు దేశం మనుషులను దింపి, ఏళ్లు వెచ్చించాల్సి వచ్చేది. వేర్వేరు చోట్ల లీకైన నాలుగు జాబితాలు కొని పక్కపక్కన పెడితే ఇప్పుడు ఆ బొమ్మ దానంతటదే తయారవుతుంది. అప్పుల్లో ఉన్నదెవరో, బెదిరిస్తే లొంగేదెవరో తెలిసిపోతుంది. గూఢచర్యంలో కష్టమైన తొలి అడుగును మన నిర్లక్ష్యమే తేలిక చేస్తోంది.

సామాన్యుడికి ఇదే సమాచారం మరో రూపంలో ఎదురవుతుంది. నాకే ఓసారి ఫోన్‌ వచ్చింది. మా అమ్మ పేరు, వయసు, ఏ నెలలో ఏ శస్త్రచికిత్స జరిగిందో, బీమా కింద ఎంత మంజూరైందో అవతలి వ్యక్తి గడగడా చెప్పి, మిగిలిన సొమ్ము వాపసు వస్తుందని, ఓటీపీ చెప్పమని అడిగాడు. ఫోన్‌ పెట్టేశాను. ఆ వివరాలన్నీ కలిపి ఉండాల్సింది ఆస్పత్రి, బీమా సంస్థ, మధ్యలోని క్లెయిమ్‌ ఏజెన్సీ దగ్గరే. మూడింటికీ రాశాను. తమ దగ్గరి నుంచి ఏమీ బయటికి పోలేదని మూడూ జవాబిచ్చాయి. డబ్బు పోలేదు కాబట్టి ఫిర్యాదుకూ బలం లేదు. నాకు అలవాటైన వృత్తి కాబట్టి అనుమానించాను. అదే ఫోన్‌ మా అమ్మకు వెళ్లి ఉంటే, అంత సరైన వివరాలు చెప్పే మనిషిని ఆమె ఎందుకు నమ్మకూడదు? సైబర్‌ మోసాల్లో 2024లో భారతీయులు 22,845 కోట్ల రూపాయలు పోగొట్టుకున్నారని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. ‘డిజిటల్‌ అరెస్టు’ అంటూ వృద్ధులను వణికించే ముఠాలకు తొలి పెట్టుబడి ఈ లీకైన జాబితాలే.

ఉగ్రవాదం: ఎంత నిజం, ఎంత భయం

డార్క్‌వెబ్‌ అనగానే ఉగ్రవాదం గుర్తుకొస్తుంది. ఆ భయానికి ఆధారం లేకపోలేదు. 2016లో మ్యూనిక్‌లో తొమ్మిది మందిని కాల్చి చంపిన యువకుడు తుపాకీ కొన్నది డార్క్‌వెబ్‌ ద్వారానే. 2015 నవంబరులో పారిస్‌ దాడుల తరువాత ఐసిస్‌ మద్దతుదారులు తమ ప్రచార సైట్‌ను టార్‌పైకి మార్చారు. అయితే ఉగ్రవాద సంస్థకు జనం కావాలి. కొత్త కుర్రాళ్లను ఆకర్షించాలి. ఎవరూ రాని చీకటి గదిలో ప్రచారం సాగదు. అందుకే వారి అడుగులు ఎక్కువగా మామూలు మెసేజింగ్‌ యాప్‌లలోనే కనిపిస్తాయి. 2023 మే నెలలో జమ్మూకశ్మీర్‌లో ఉగ్రవాదులు వాడుతున్నారంటూ కేంద్రం 14 యాప్‌లను నిషేధించింది. అందరి ఫోన్‌లలోకి తేలికగా దిగుమతయ్యేవే అవి.

2019 పుల్వామా దాడి మరింత కఠినమైన పాఠం. ఆ పేలుడులో వాడిన అల్యూమినియం పొడిని ఓ ప్రముఖ ఈ-కామర్స్‌ వేదిక ద్వారా కొన్నారని అంతర్జాతీయ ఆర్థిక నిఘా సంస్థ ఎఫ్‌ఏటీఎఫ్‌ 2025 జులై నివేదికలో ప్రస్తావించింది. డార్క్‌వెబ్‌ అవసరమే రాలేదు. పట్టపగలు, అందరూ కొనే చోటే కొన్నారు.

చీకటి వ్యాపారం కూడా అదే బాటలో మన జేబులోని ఫోన్‌లోకి వస్తోంది. కంబోడియా కేంద్రంగా ‘హుయోన్‌ గ్యారంటీ’ అనే పెద్ద బజారు టెలిగ్రామ్‌లోనే నడిచింది. దొంగ సొమ్ము మార్చేవారు, దొంగ జాబితాలు అమ్మేవారు, మోసానికి పనిముట్లు సరఫరా చేసేవారు అందరూ అక్కడే. 2025 మేలో టెలిగ్రామ్‌ దాన్ని తొలగించింది. ఇలాంటి మోస కేంద్రాలకు మనుషులు ఎక్కడి నుంచి వెళ్లారో విశాఖపట్నం పోలీసులు 2024 మేలో బయటపెట్టారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి కంబోడియా వెళ్లిన ఉత్తరాంధ్ర యువకులను నిర్బంధించి, సొంత దేశస్థులనే ఫోన్‌లో మోసగించే పనిలో పెట్టారు. సమాచారమే కాదు, మన బిడ్డలూ ఆ బజారుకు సరుకయ్యారు.

తాళం ఎక్కడ వేయాలి?

నిషేధం మీద నాకు నమ్మకం తక్కువ. 2022 ఏప్రిల్‌లో సెర్ట్‌-ఇన్‌ జారీ చేసిన ఆదేశాల ప్రకారం వీపీఎన్‌ సంస్థలు తమ ఖాతాదారుల వివరాలను అయిదేళ్లు భద్రపరచాలి. ఫలితంగా కొన్ని పెద్ద సంస్థలు భారత్‌లోని సర్వర్లు ఎత్తేసి విదేశాల నుంచి సేవలు కొనసాగించాయి. అవే ఆదేశాల్లో ఉన్న మరో నిబంధన నిజంగా ఉపయోగపడేది. సైబర్‌ దాడి జరిగిన సంగతి తెలిసిన ఆరు గంటల్లో సంస్థలు సెర్ట్‌-ఇన్‌కు తెలపాలి. దాడి సమాచారం ప్రభుత్వానికి చేరితే సరిపోదు, బాధితుడికీ చేరాలి.

2023 నాటి డిజిటల్‌ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఆ హక్కు ఇచ్చింది. లీకైతే ప్రతి బాధితుడికీ తెలపాలి. రక్షణ చర్యలు తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. పైగా కేంద్రం నోటిఫై చేసే ప్రభుత్వ విభాగాలకు చట్టం నుంచి మినహాయింపు ఇచ్చే వీలుంది. దేశంలో అత్యధిక సమాచారం ప్రభుత్వం దగ్గరే ఉన్నప్పుడు, ఆ మినహాయింపును ఎంత పొదుపుగా వాడతారన్నదే చట్టానికి అసలు పరీక్ష. భద్రత పేరుతో ఇచ్చే మినహాయింపు లీకులకు ముసుగైతే దానివల్ల దెబ్బతినేది భద్రతే.

పోలీసు వ్యవస్థకూ కొన్ని అవసరాలున్నాయి. హాన్సా తరహాలో నేర వేదికను స్వాధీనం చేసుకుని కొంతకాలం నడిపించాలంటే మన దగ్గర స్పష్టమైన చట్టబద్ధ విధానం, కోర్టు పర్యవేక్షణ ఉండాలి. అవి లేకుండా అధికారి సాహసం చేస్తే కేసు కోర్టులో నిలవదు, పౌరుల హక్కులకూ పూచీ ఉండదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం ఎలక్ట్రానిక్‌ సాక్ష్యానికి ధ్రువపత్రం కోరుతోంది. జిల్లా స్థాయి దర్యాప్తు అధికారికి ఆ పని నేర్పాలి. సర్వర్‌ ఒక దేశంలో, నిందితుడు మరో దేశంలో, బాధితుడు ఇక్కడ ఉండే ఈ నేరాల్లో విదేశాల నుంచి సాక్ష్యం వేగంగా రావాలి. సైబర్‌ నేరాలపై బుడాపెస్ట్‌ ఒప్పందంలో భారత్‌ చేరలేదు. చేరకపోవడానికి సార్వభౌమత్వ కారణాలు చెబుతున్నప్పుడు, దానికి దీటైన ద్వైపాక్షిక ఏర్పాట్లు చేసుకునే బాధ్యత కూడా మనదే.

పాఠకుల వైపు నుంచి చేయగలిగింది తక్కువేమీ కాదు. సరదాకు డార్క్‌వెబ్‌లోకి తొంగిచూడటం వల్ల వచ్చే లాభం లేదు. అక్కడి దుకాణాల్లో సగం కొనేవాడిని ముంచేందుకే ఉన్నాయనుకోవడం మేలు. ఆధార్‌ బయోమెట్రిక్‌కు తాళం వేసుకునే సదుపాయం ఉంది, వాడుకోండి. ఒకే పాస్‌వర్డ్‌ను అన్నిచోట్లా పెట్టకండి. మీ బ్యాంకు ఖాతాను కమీషన్‌కు ఎవరికీ అద్దెకివ్వకండి. దొంగ సొమ్ము వెలుగులోకి వచ్చేది అలాంటి ఖాతాల గుండానే, ముందు అరెస్టయ్యేదీ ఆ ఖాతాదారే. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్‌ చేయండి. తొలి గంటల్లో చెబితే డబ్బు దారిలోనే ఆగే అవకాశం ఉంటుంది.

అపార్ట్‌మెంటు గేటు దగ్గర, దుకాణం కౌంటర్‌లో, ఆస్పత్రి రిసెప్షన్‌లో ఆధార్‌ జిరాక్స్‌ అడిగినప్పుడు ‘ఎందుకు? ఎన్నాళ్లు ఉంచుతారు? ఎవరు చూస్తారు?’ అని అడగడం మొదలుపెడదాం. డార్క్‌వెబ్‌ను ఎప్పుడు మూసేస్తారని ప్రభుత్వాన్ని అడిగే ముందు, మా సమాచారం దాచిన గదికి తాళం వేశారా అని అడగాలి. దొంగ సొత్తు కొనే బజారు ఏదో ఒక రూపంలో ఎప్పుడూ ఉంటుంది. దానికి సరుకు అందకుండా చూసుకోవడం మాత్రం మన చేతిలో ఉన్న పని.